641 దగ్గర తెగిన సంఖ్య

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను: 4294967297. నోటితో చదివితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ముప్పై రెండు రెళ్లను గుణించి, వచ్చినదానికి ఒకటి కలిపితే ఇదే.

3, 5, 17, 257, 65537. ఈ వరసలో ప్రతి సంఖ్యలోంచీ ఒకటి తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, మళ్లీ ఒకటి కలిపితే తరువాతి సంఖ్య వస్తుంది. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇక ముందు వచ్చేవన్నీ కూడా అంతేనని 1640 ప్రాంతంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. ఆరోది మన సంఖ్య. సుమారు తొంభై ఏళ్ల తరువాత, 1732లో, స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని విడగొట్టాడు: 641 × 6700417.

ఎలా దొరికింది? ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయ్యుండాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే తెగిపోతుంది!

నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఇది. 1640లోనే ఫెర్మా ఇంచుమించు ఇదే కిటుకుతో, 2 యొక్క 37వ ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యకు 223 కారణాంకమని పట్టుకున్నాడు. అక్కడ వెతకాల్సినవి 74 గుణిజానికి ఒకటి కలిపినవి. 149 కాలేదు, 223 కుదిరింది. వల చేతిలోనే ఉంది. మన సంఖ్య మీద విసిరి కూడా లెక్క తప్పాడా, అసలు విసరనే లేదా? తప్పాడనే నా అనుమానం. చేత్తో చేసే భాగహారంలో ఒక్క అంకె జారితే చాలు కదా.

భాగహారమే చేయకుండా కూడా దీన్ని తేల్చవచ్చు. కాగితం ఉంటే తీయండి. 640 అంటే 641కి ఒకటి తక్కువ, కాబట్టి 641తో భాగిస్తే శేషం మైనస్ ఒకటి అనుకోవచ్చు. 640 అంటే 5 × 128, 128 అంటే 2 యొక్క ఏడో ఘాతం. మొత్తాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్తే శేషం ఒకటి అవుతుంది. 5 యొక్క నాలుగో ఘాతం 625, అంటే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణిస్తే శేషం ఒకటి. కానీ 625 అంటే 641 − 16. కాబట్టి 625 ఉన్నచోట మైనస్ 16 వేసుకోవచ్చు. 16 అంటే 2 యొక్క నాలుగో ఘాతం. అది 28తో కలిసి 32 అయింది. 2 యొక్క 32వ ఘాతానికి శేషం మైనస్ ఒకటి అని తేలింది. ఒకటి కలపండి, సున్నా!

ఇక పక్కింటివాళ్లు. ఒకటి తక్కువ చేస్తే 4294967296. 32 బిట్లతో, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే 32 గళ్లతో, రాయగలిగే వేర్వేరు విలువలు సరిగ్గా ఇన్ని. ఇంకొకటి తగ్గిస్తే 4294967295. సున్నా, ఒకటి మాత్రమే వాడే ద్విసంఖ్యామానంలో ఇది వరసగా ముప్పై రెండు ఒకట్లు. దీన్ని విడగొడితే 3 × 5 × 17 × 257 × 65537. ఫెర్మా చెప్పింది నిజమైన ఆ అయిదూ ఇక్కడే, ఆయన తప్పుకు రెండడుగుల దూరంలో, ఒకే గూట్లో ఉన్నాయి.