పచ్చని చెట్టు లోపలి కుళ్ళును గుర్తించడం ఎలా?

నమస్కారం. ఈ పాఠం కోసం మనం విశాఖపట్నంలోని కంబాలకొండ అభయారణ్యం అంచున ఉన్నాం. పైకి నిండుగా చిగురించి, కాయలు కాసి, పక్షులకు గూడునిచ్చే చెట్టు లోపల శిలీంధ్రం ఏళ్ల తరబడి కట్టెను తింటూ ఉండవచ్చు. ఆ సంగతిని బయటి గుర్తులను బట్టి ఎలా పసిగట్టాలో, పసిగట్టాక ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇప్పుడు చూద్దాం.

ముందుగా చెట్టు నిర్మాణాన్ని అర్థం చేసుకోవాలి. మాను మధ్యలో ముదురు రంగులో ఉండే గట్టి కట్టెను మనం చేవ అంటాం. మనిషిలోని బలానికి కూడా తెలుగులో అదే మాట వాడతాం కానీ, నిజానికి చేవలో ఉన్నవన్నీ చనిపోయిన కణాలే. వేళ్ల నుండి నీటిని పైకి మోసేది చేవ చుట్టూ ఉన్న లేత రంగు కట్టె; ఆకులు తయారు చేసిన ఆహారాన్ని కిందికి దించేది బెరడు లోపలి పొర. ఈ రెండూ బాగున్నంత కాలం చేవ మొత్తం కుళ్ళిపోయినా కొమ్మలు పచ్చగానే ఉంటాయి. పైకి పటారం, లోన లొటారం అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. అందువల్ల ఆకులను చూసి చెట్టు ఆరోగ్యాన్ని తేల్చే అలవాటును పక్కన పెట్టమని కోరుతున్నాను.

శిలీంధ్రం లోపలికి గాయాల గుండా ప్రవేశిస్తుంది. విరిగిన కొమ్మ, బండి తగిలి లేచిన బెరడు, కాలువ తవ్వినప్పుడు తెగిన వేరు, కాండానికి దిగగొట్టిన మేకు, వీటిలో ఏదైనా దానికి దారి కావచ్చు. గాలిలో దాని బీజాలు లేని చోటు లేదు. చెట్ల మొదళ్ల వద్ద బల్లలా పెరిగే గానోడెర్మా అనే శిలీంధ్ర జాతిలో ఒక రకానికి చెందిన పెద్ద పుట్టగొడుగు ఒక్కటే రోజుకు సుమారు 3,000 కోట్ల బీజాలను వదలగలదు. తడిగా ఉన్న గాయంపై పడిన బీజం మొలకెత్తి, వెంట్రుక కంటే సన్నని పోగులుగా కట్టెలోకి పాకుతుంది. కొన్ని శిలీంధ్రాలు ముఖ్యంగా కట్టెలో పీచులా ఉండే సెల్యులోజ్‌ను తినగా మిగిలిన కట్టె గోధుమ రంగుకు తిరిగి, పెళుసుగా ముక్కలవుతుంది. మరికొన్ని ఆ పీచును అతికించి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను కూడా కరిగించగలవు. వాటి వల్ల కట్టె తెల్లబడి, మెత్తని పీచులా మారుతుంది. గానోడెర్మా ఈ రెండో రకానికి చెందినది.

చెట్టు ఊరికే చూస్తూ ఉండదు. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి, 1970ల్లో ఒక విషయాన్ని స్పష్టం చేశారు. మన చర్మంపై గాయమైతే ఆ చోటనే కొత్త కణాలు వచ్చి పూడుస్తాయి. చెట్టు అలా చేయలేదు. అది దెబ్బతిన్న భాగం చుట్టూ రసాయనాలతో గోడలు కట్టి, దాన్ని వేరు చేసి, బయటి వైపు కొత్త కట్టెను పెంచుకుంటుంది. అంటే పాత గాయం పైకి మూసుకుపోయినా లోపల అలాగే ఉంటుంది.

విశాఖ వాసులకు ఈ మాట మరింత ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని తాకినప్పుడు కూలిన చెట్ల గురించి మనం ఎంతో బాధపడ్డాం. కానీ నాకు కూలిన వాటి కంటే నిలిచిన చెట్ల గురించే ఎక్కువ దిగులు. కొమ్మలు చీలి, వేళ్లు కదిలి, అయినా మళ్లీ చిగురించిన చెట్లలో ఆనాటి ప్రతి చీలికా శిలీంధ్రానికి తెరిచిన తలుపే. తంజావూరు జిల్లా కొబ్బరి తోటల్లో గానోడెర్మా తెగులు 1952 తుఫాను తరువాతే అందరి దృష్టికీ వచ్చింది. తుఫాను ఒక్క రోజులో వెళ్లిపోయినా దాని గాయాల ఫలితం ఏళ్లు గడిచాక కనబడవచ్చు.

ఇక పరిశీలన. చెట్టు మొదలు నుండి ప్రారంభించండి. ఎండుటాకులను, చెత్తను చేత్తో తొలగించి, కాండం నేలను కలిసే చోట చుట్టూ తిరిగి చూడండి. అక్కడ లక్క పూసినట్టు మెరిసే ఎర్రని బల్ల వంటి పుట్టగొడుగు ఉంటే, కుళ్ళు అప్పటికే చాలా దూరం పాకిందని గ్రహించాలి. అది తెగులుకు ఆరంభం కాదు, లోపల బాగా ఎదిగాక వచ్చే ఫలం. వానలు ఆగిన తరువాతి వారాలు దీన్ని చూడటానికి అనువైనవి. తరువాత బెరడుపై పగుళ్లను, రసం కారిన మరకలను, అసహజమైన ఉబ్బులను, కట్టెపొడి రాల్చే చీమల దారులను గమనించండి.

ఆపై చెక్క సుత్తితో కాండాన్ని మెల్లగా తట్టుతూ చుట్టూ తిరగండి. గట్టి కట్టె బిగువైన శబ్దాన్ని ఇస్తుంది; తొర్ర ఉన్న చోట డొల్ల శబ్దం వస్తుంది. వినగా వినగా చెవికి ఈ తేడా పట్టుబడుతుంది. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోతుందని కాదు. గట్టి కట్టె మందం కాండపు వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు ఉంటే చాలా చెట్లు నిలబడగలవని నిపుణులు ఒక స్థూల లెక్క చెబుతారు. మొదలు కుళ్ళినా, వేళ్లు చివికినా ఆ లెక్క పనికిరాదు.

తొర్రలో సిమెంటు నింపే పద్ధతిని దయచేసి మానేయండి. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండింటి రాపిడికి చెట్టు కట్టుకున్న గోడలు చిట్లి, కుళ్ళు కొత్త కట్టెలోకి చేరుతుంది. కొమ్మ కోయవలసి వస్తే, అది కాండాన్ని కలిసే చోట ఉబ్బుగా ఉండే భాగాన్ని వదిలి, దానికి కొంచెం వెలుపల కోయండి. గాయానికి రంగు, తారు పూయవద్దు. తెగులున్న చెట్టును కోసిన రంపాన్ని స్పిరిట్‌తో తుడిచిన తరువాతే మరో చెట్టుకు తాకించండి.

ఈ హెచ్చరికలన్నీ వీధులకు, బడులకు, ఇళ్లకు దగ్గరగా ఉన్న చెట్ల కోసమే. నా వెనుక ఉన్న ఈ అడవిలో తొర్ర చెట్టు గుడ్లగూబకు, చిలుకకు ఇల్లు. అక్కడ పుట్టగొడుగును పీకవలసిన పని గానీ, చెట్టును తాకవలసిన పని గానీ మనకు లేదు. మీ వీధిలోని చెట్టు మొదలుకు మాత్రం నాలుగు వైపులా ఫోటోలు తీసి, తేదీ రాసి దాచండి. వచ్చే ఏడాది వానలు వెలిసిన తరువాత అదే చోట నిలబడి మళ్లీ తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.