సిగ్నల్ దగ్గర తుమ్ములు

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మన స్టూడియోలో ఊపిరితిత్తుల వైద్యురాలు ఒకరు, ఇరవై ఏళ్లుగా అమీర్‌పేట, పంజాగుట్ట దారుల్లో ఆటో నడుపుతున్న అన్న ఒకరు ఉన్నారు. ముందు మీరు చెప్పండి అన్నా.

ఆటో డ్రైవరు: ఇంట్లో ఉన్నంతసేపు బాగానే ఉంటుందండి. పంజాగుట్ట సిగ్నల్ పడి, ముందున్న పాత బస్సు కదులుతూ పొగ వదిలిందా, ఇక తుమ్ములే. సాయంత్రం ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లబడుతుంది. అలర్జీ మాత్ర వేసుకుని నెట్టుకొస్తున్నాను.

వైద్యురాలు: నిద్ర తెప్పించే మాత్ర కాదు కదా?

ఆటో డ్రైవరు: మధ్యాహ్నం కునుకు పడుతుందండి.

వైద్యురాలు: అయితే ముందు ఆ మాత్ర మార్చాలి. నవ్వే విషయం కాదు.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, పొగ అందరూ పీలుస్తున్నదే. అలర్జీ ఉన్నవాళ్లకే ఇంత బాధ ఎందుకు?

వైద్యురాలు: ఆయనకు పడనిది వయ్యారిభామ పుప్పొడి కావచ్చు, ఇంటి దుమ్ములోని పురుగులు కావచ్చు. పొగ దానికి ఆజ్యం పోస్తుంది. డీజిల్ మసి ముక్కు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పొర వదులైతే పుప్పొడిలోని ప్రొటీన్లు సులువుగా లోపలికి దిగుతాయి. పుప్పొడి సారంతో పాటు డీజిల్ మసిని కూడా ముక్కులో వేసి చూసిన ప్రయోగాల్లో, అలర్జీ తెచ్చే ఐజీఈ అనే యాంటీబాడీ బాగా పెరిగింది. పుప్పొడి ఒక్కటే వేసినప్పుడు అంత పెరగలేదు.

ఆటో డ్రైవరు: మా ఇంటి పక్క ఖాళీ స్థలం నిండా వయ్యారిభామే.

వ్యాఖ్యాత: రుమాలు కట్టుకుంటే ఆగదా?

వైద్యురాలు: పీఎం 2.5 అంటే పొగలో ఉండే అతి సన్నని ధూళి. ఆ కణం వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. రుమాలు దాన్నేం ఆపుతుంది? ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది కానీ, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి వాయువులను ఆపదు.

ఆటో డ్రైవరు: నాకు ఆయాసమైతే లేదండి. తుమ్ములే.

వైద్యురాలు: లండన్‌లో 60 మంది ఉబ్బస రోగులను ఒక రోజు డీజిల్ బస్సులు, ట్యాక్సీలు మాత్రమే తిరిగే ఆక్స్‌ఫర్డ్ వీధిలో, మరో రోజు హైడ్ పార్కులో రెండేసి గంటలు నడిపించారు. ఫలితాలు 2007లో వచ్చాయి. మొదటి సెకనులో బలంగా ఊదగలిగే గాలి, ఆ వీధిలో నడిచాక 6.1 శాతం దాకా తగ్గింది. పార్కులో అంత తగ్గలేదు. వాళ్లకూ ఆయాసం తెలియలేదు. (సంచిలోంచి, ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటరు తీసి) ఇది నోట్లో పెట్టుకుని ఊదండి.

ఆటో డ్రైవరు: ఇక్కడేనా? (ఊదారు.)

వైద్యురాలు: ఇంకోసారి. ఇంకాస్త బలంగా.