ఇంటికి తాళం, అవ్వకు బీపీ: ఎంబీబీఎస్ విద్యార్థులను ఊళ్లకు ఎందుకు పంపుతారు?

[తెర మీద: కర్నూలు మెడికల్ కాలేజీ గేటు, తెల్లకోట్లతో బస్సెక్కుతున్న విద్యార్థులు]

నమస్తే. "డాక్టర్ చదవమని పంపితే, మావాడు ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నాడేంది?" అని అడిగే తల్లిదండ్రుల కోసం ఈ వీడియో.

2021-22 బ్యాచ్ నుంచి, దేశంలో వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ ఒక పద్ధతి పెట్టింది. ఒక్కో విద్యార్థికి, వాళ్ల ఆరోగ్యం గమనిస్తూ ఉండమని, మూడు నుంచి ఐదు కుటుంబాలను అప్పగిస్తారు. దీని పేరు ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్. ఫస్టియర్‌లోనే మొదలవుతుంది, తర్వాతి ఏళ్లలోనూ అవే ఇళ్లకు వెళ్లాలి. నడిపేది కమ్యూనిటీ మెడిసిన్ విభాగం. అదేనండీ, మన పీఎస్ఎం (ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్), జబ్బులు రాకుండా చూసే చదువు. పరీక్ష ముందు రాత్రి చదివితే చాలనుకునే సబ్జెక్టు.

[తెర మీద: మ్యాప్‌లో కోసిగి, మంత్రాలయం, ఆదోని]

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ఇల్లు అనుకుందాం. అవ్వ, కొడుకు, కోడలు, ఎనిమిది నెలల బిడ్డ. అవ్వకు బీపీ 170/100. మాత్రలు రాసిచ్చారు. సంక్రాంతి దాటాక వెళ్తే ఇంటికి తాళం. పక్కింటావిడ చెబుతుంది: "సుగ్గికి పోయినారు మేడం, గుంటూరు తట్టు. మిరపకాయల కోతకు. ఉగాదికి వస్తారు. అవ్వ కూతురింట్లో ఉంది."

చాలామంది విద్యార్థులు ఇక్కడ లాగ్‌బుక్‌లో, అంటే ఇళ్లకు వెళ్లిన వివరాలు రాసే పుస్తకంలో, "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసి, బీపీ మిషన్‌తో ఒక ఫొటో దిగి బస్సెక్కేస్తారు. అసలు పాఠం మొదలయ్యేది అక్కడే.

అవ్వ దగ్గరికి వెళ్లి మాత్రల స్ట్రిప్ చూపించమంటే సగం అలాగే ఉంటుంది. "కళ్లు తిరిగినప్పుడు ఏసుకుంటా నాయనా" అంటుంది. అయిపోతే ఎవరు తెస్తారు? నెలనెలా పీహెచ్‌సీకి వెళ్లి తెచ్చేది కోడలు. ఆమేమో మిరప చేలో ఉంది. ఇదే అవ్వ రేపు పక్షవాతంతో వార్డుకొస్తే, కేస్‌షీట్‌లో "మందులు సరిగా వాడలేదు" అని ఒక్క ముక్క రాస్తాం. కోడలి ఊసే ఉండదు.

ఇక బిడ్డ. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా వేయాలి. ఆ తేదీకి బిడ్డ చేను గట్టున గుడారంలో ఉంటుంది. తట్టు గాలిలో పాకే జబ్బు. ఇరుకు గుడారాల్లో టీకా పడని పిల్లలుంటే చెప్పక్కర్లేదు.

[తెర మీద: తల్లీబిడ్డల కార్డు, టీకాల పేజీ]

సర్కారు టీకా ఏ ఊళ్లోనైనా ఉచితమే, సొంతూరే కానక్కర్లేదు. కార్డు మూటలో పెట్టుకుని వెళ్లి, అక్కడి ఏఎన్ఎంకు, అంటే టీకాలు వేసే నర్సమ్మకు, చూపిస్తే చాలు. ఈ మాట తల్లికి బయల్దేరకముందే చెప్పాలి. అవ్వ మాత్రలు ఇంటికి చేర్చే పని ఆశా కార్యకర్తతో మాట్లాడుకోవాలి. ఇందులో ఏదీ పెద్ద వైద్యం కాదు. స్టెతస్కోప్ కూడా అక్కర్లేదు.

కాబట్టి ఫస్టియర్ పిల్లలూ, మీకు అప్పగించిన ఇళ్లలో ఎవరెవరు సుగ్గికి పోతారో, ఎప్పుడు పోతారో సంక్రాంతి సెలవులకు ముందే అడిగి రాసుకోండి. లాగ్‌బుక్‌లో దానికి గడి లేకపోతే మార్జిన్‌లో రాయండి.