గ్రాములు తగ్గేకొద్దీ ధర పెరిగే కుక్కపిల్లలు: ఒక స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: చిన్న జంతువులకు వైద్యం చేసే పశువైద్యురాలు, ఇరవై ఏళ్లకు పైగా చివావా అనే చిన్న జాతి కుక్కలను పెంచుతున్న బ్రీడర్, ‘టీకప్’ చివావా అనే పేరుతో ఒక కూనను కొన్న యజమాని. పేర్లు లేకుండా మాట్లాడుకుందామని ముందే అనుకున్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత చివావాను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. మూడు కిలోలు లేని ప్రాణి, గేటు దగ్గర ఎవరైనా నిలబడితే ముప్పై కిలోల కుక్కలా మీదికెళ్తుంది. ఆ కుక్క మీద ఇవాళ మాకు ఫిర్యాదేమీ లేదు. దాన్ని ఇంకా కుదించి, కప్పులో కూర్చోబెట్టి ఫొటో తీసి, ‘టీకప్’, ‘మైక్రో’, ‘పాకెట్ సైజు’ అని అమ్ముతున్నారు చూడండి, గొడవంతా దాని గురించే. మేడమ్, మీతో మొదలుపెడదాం. మీరు తెచ్చుకున్న రోజు కూన బరువెంత?

యజమాని: 380 గ్రాములు. ఇంటికి రాగానే పిండి తూచే త్రాసు మీద పెట్టాను. అక్కడ ఉన్నంతసేపూ వణుకుతూనే ఉంది. నాకు అది ముద్దొచ్చింది. వీడియో కూడా తీశాను.

వ్యాఖ్యాత: వయసెంతని చెప్పారు?

యజమాని: పది వారాలన్నారు. పెద్దయ్యాక కూడా కిలో దాటదని రాసిచ్చారు.

వైద్యురాలు: రాసిచ్చారా! పది వారాల కూనను చూసి పెద్దయ్యాక ఎంత ఉంటుందో సుమారుగా చెప్పొచ్చు. హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. పళ్లు చూశారా మీరు?

యజమాని: పళ్లు చూడాలని అప్పుడు నాకేం తెలుసండీ. మూడో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే తడిగుడ్డలా పడి ఉంది. ఎత్తితే మెడ వాలిపోయింది, ఒళ్లు చల్లగా ఉంది. కాసేపటికి కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. చనిపోతోందనుకున్నాను. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, చిగుళ్ల మీద తేనె రుద్దండి, నోట్లో పోయొద్దు, వెచ్చగా చుట్టి తీసుకురండి అన్నారు. నా చిటికెన వేలు ఆ నోట్లో పట్టలేదు. ఇయర్‌బడ్‌తో రుద్దాను.

వైద్యురాలు: రక్తంలో చక్కెర పడిపోయిందన్నమాట. పెద్ద కుక్క ఒక పూట తినకపోయినా దాని కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర, ఒంట్లో కొవ్వు, కండ ఆదుకుంటాయి. ఈ కూనలకు ఆ నిల్వే ఉండదు. అందులోనూ ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి ఊరికే పోతుంది. ఆ వేడి నిలుపుకోవడానికి ఉన్న కాస్త చక్కెరా ఖర్చవుతుంది. మీరు వీడియో తీసిన వణుకు అదే అయి ఉండొచ్చు. చివావాలు ఉత్సాహంలోనూ వణుకుతాయి, భయంలోనూ వణుకుతాయి, అన్నిటినీ జబ్బనను. కానీ కొత్త ఇంట్లో, తల్లి లేకుండా, సరిగ్గా తినని కూన వణికితే మాత్రం నేను ముందు ఆకలినీ చలినే అనుమానిస్తాను.

యజమాని: ఆస్పత్రిలో సూది గుచ్చడానికి నరం దొరకలేదు. మూడు చోట్ల చూశారు. తర్వాత నెల రోజులు రాత్రిళ్లు మూడు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి తినిపించాను.

వ్యాఖ్యాత: సార్, మీవైపు వద్దాం. అసలు ‘టీకప్ చివావా’ అనే జాతి ఉందా?

బ్రీడర్: లేదండీ. ఉన్నది చివావా ఒక్కటే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణంలో బరువు ఆరు పౌండ్లు మించకూడదని ఉంటుంది, అంటే సుమారు 2.7 కిలోలు. కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ ఆదర్శంగా చెప్పేది కిలోన్నర నుంచి మూడు కిలోలు. ఎక్కడా టీకప్ అన్న మాట లేదు. అమెరికాలో చివావా క్లబ్బే ఇవి అమ్మకం కోసం పుట్టిన మాటలని, ఎక్కువ డబ్బు గుంజడానికి వాడతారని హెచ్చరిస్తుంది. కానీ ఒకటి చెప్పనివ్వండి. బ్రీడర్లందర్నీ ఒకే గాటన కట్టకండి. చిన్న కుక్క మేం కనిపెట్టింది కాదు.

వైద్యురాలు: అది నిజమే, ఒప్పుకుంటాను. కుక్కల సైజు మీద బాగా ప్రభావం చూపే ఐజీఎఫ్-1 అనే జన్యువు గురించి 2007లో పరిశోధకులు ప్రచురించారు. 2022లో ఇంకో సంగతి బయటపడింది. ఒంటిని చిన్నగా ఉంచే ఆ జన్యు మార్పు 54 వేల ఏళ్ల నాటి సైబీరియా తోడేలులోనే ఉంది. మనిషి కుక్కను మచ్చిక చేసుకోకముందే అది ప్రకృతిలో ఉందన్నమాట. కాబట్టి ‘చిన్నది కాబట్టి రోగిష్టిది’ అని నేను అనను. రెండున్నర కిలోల చివావాలు పదిహేనేళ్లు హాయిగా బతికినవి నా దగ్గరే ఉన్నాయి. అక్కడితో ఆగకుండా ఇంకా కిందికి తోసుకుంటూ పోతేనే ఇబ్బంది.

వ్యాఖ్యాత: ఎలా తోస్తారు? సార్, లోపలి సంగతి మీకే తెలుస్తుంది.

బ్రీడర్: (కాసేపు ఆగి) కాన్పులో ఒకటి బక్కది పుడుతుంది. ఎవరి దగ్గరైనా పుడుతుంది. పూర్వం దాన్ని ‘ఇది బతికితే చూద్దాం’ అని పక్కన పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు దానికే ఎక్కువ రేటు. అక్కడ మొదలైంది తప్పు. బక్కదానికి రేటు రాగానే, బక్కవాటినే ఒకదానితో ఒకటి క్రాసింగ్ చేయిద్దామనే ఆలోచన వస్తుంది. అంత చిన్న కుక్కలు చాలా తక్కువ దొరుకుతాయి కదా, అన్నాచెల్లెళ్లు, తండ్రీకూతుళ్లు అని చూడరు. కొందరు తిండి తగ్గించి ఎదగనివ్వరు. ఇవన్నీ కష్టం అనుకునేవాళ్లకు ఇంకో సులువు దారి ఉంది: అయిదారు వారాల కూనను పది వారాలదని చెప్పడం.

వైద్యురాలు: ఈ చివరిదే నాకు ఎక్కువగా కనిపిస్తుంది. పాలపళ్లు చూస్తే కొంత తెలుస్తుంది, కానీ ఈ జాతికి పళ్లు కాస్త ఆలస్యంగానే వస్తాయి, అందుకని దబాయించడానికి వాళ్లకు వీలుంటుంది. ఎనిమిది వారాలు నిండకుండా తల్లినీ తోబుట్టువులనీ వదిలేసిన కూన తిండిలోనే కాదు, ప్రవర్తనలోనూ నష్టపోతుంది. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో అది నేర్చుకునేది వాటి దగ్గరే.

వ్యాఖ్యాత: మీరు అమ్మారా సార్, బక్కవాటిని?

బ్రీడర్: అడుగుతారనుకున్నాను.

వైద్యురాలు: చెప్పండి మరి.

బ్రీడర్: అమ్మాను డాక్టరమ్మా. మొదట్లో రెండు. అడిగినవాళ్లు అడిగినంత ఇచ్చారు. రెండో దాని తల మీద మాడు పూడలేదు, పసిపిల్లలకు ఉన్నట్టే మెత్తగా ఉండేది. చివావాలకు అది మామూలేనని చెప్పి ఇచ్చాను.

వైద్యురాలు: మామూలే, కొంతవరకు. చాలా చివావాలకు చిన్న మాడు జీవితాంతం ఉంటుంది, ఏమీ కాదు. కానీ మాడు పెద్దగా ఉండి, తల గుమ్మడికాయలా గుండ్రంగా ఉబ్బి, కళ్లు పక్కలకీ కిందికీ తిరిగి ఉంటే మెదడులో నీరు చేరిందేమోనని చూడాలి. అలాంటి కూన నేర్పినది నేర్చుకోదు, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, మూర్ఛలు రావొచ్చు. ఫొటోలో మాత్రం ఆ తలే బొమ్మలా ముద్దుగా కనిపిస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బ్రీడర్: ఆ కూన ఎనిమిది నెలలు బతికింది. వాళ్లు నన్నేమీ అనలేదు. ఫోన్ చేసి, ‘పోయింది, అలాంటిదే ఇంకోటి ఉందా’ అని అడిగారు. ఆ రోజు నుంచి బక్కవాటిని అమ్మడం మానేశాను. ఇస్తే తెలిసినవాళ్లకు ఊరికే ఇస్తాను, లేదంటే నాతోనే ఉంటాయి.

వ్యాఖ్యాత: కూనల గురించే మాట్లాడుతున్నాం. తల్లి సంగతి?

వైద్యురాలు: అడిగినందుకు థాంక్స్. ఫొటోల్లో ఎప్పుడూ కనిపించనిది తల్లే. కుక్క 63 రోజులు అటూ ఇటూగా మోస్తుంది. చివావా తల గుండ్రం, తల్లి నడుము ఇరుకు. కడుపులో ఒకటే కూన ఉంటే అది ఇంకా పెద్దదవుతుంది, దారిలో ఇరుక్కుంటుంది. మామూలు సైజు చివావాల్లోనే సిజేరియన్లు తరచూ చేస్తాం. ఇక కిలో, కిలోంబావు ఉన్న ఆడకుక్కను చూలు కట్టిస్తే ఆపరేషన్ బల్ల మీదికి తోసినట్టే. మత్తు మోతాదు చుక్కల్లో లెక్క. ఆపరేషన్ జరుగుతుంటే ఒళ్లు చల్లబడిపోతుంది. పొట్ట విప్పి కూనను తీసి నర్సు చేతికిచ్చి, మళ్లీ తల్లి వైపు తిరిగేసరికి గుండె ఆగిపోయిన రాత్రి ఒకటుంది. చేతిలో ఉన్న కూన 70 గ్రాములు. కుక్కను తెచ్చినాయన మొదట అడిగిన ప్రశ్న కూన బతుకుతుందా అని.

(స్టూడియోలో కాసేపు మౌనం)

వ్యాఖ్యాత: ఇంత జరుగుతున్నా ప్రపంచంలో అతి చిన్న కుక్క అనగానే మనం చప్పట్లు కొడతాం. 2023లో గిన్నిస్ రికార్డుకెక్కిన పెర్ల్ అనే చివావా ఎత్తు 9.14 సెంటీమీటర్లు. అంతకుముందు రికార్డు మిల్లీ అనే చివావాది, 9.65. రెండూ ఒకే కుటుంబం.

వైద్యురాలు: మిల్లీని క్లోనింగ్ కూడా చేశారు, ఒకటి రెండు కాదు, 49 సార్లు. అది పరిశోధన అన్నారు. ఆ కుక్కలను పెంచినవాళ్లు ప్రేమగా చూసుకున్నారు, నేను కాదనను. కానీ కొలతకు కిరీటం పెడితే, ఆ కొలతను అందుకోవాలనుకునేవాళ్లు తయారవుతారు. వాళ్లందరి ఇళ్లలో ఆ స్థాయి చూసుకోవడం ఉండదు.

వ్యాఖ్యాత: చట్టాలేం చేస్తున్నాయి?

బ్రీడర్: జర్మనీ జంతు సంరక్షణ చట్టంలో 11బీ అని ఒక సెక్షన్ ఉంది. పుట్టే పిల్లలకు బాధ కలుగుతుందని తెలిసీ చేసే బ్రీడింగును నిషేధిస్తుంది. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి లూసీ చట్టం వచ్చింది. ఆర్నెల్ల లోపు కూనను మధ్యవర్తులు అమ్మకూడదు, పెంచినచోటే, తల్లితో ఉండగా చూసి కొనుక్కోవాలి. మంచిదే. కానీ తల్లిని చూపించమంటే ఇంకో కుక్కను తెచ్చి పడుకోబెట్టేవాళ్లను నేనెరుగుదును. కూన వెళ్లి పాలకు ఎగబడుతోందా, ఆ కుక్క దాన్ని నాకుతోందా, పొదుగు సాగి ఉందా, ఇవి చూడాలి కొనేవాళ్లు. గది శుభ్రంగా ఉందా అని మాత్రమే చూసి వస్తారు.

వైద్యురాలు: బ్రిటన్‌లో పశువైద్యశాలల రికార్డుల ఆధారంగా 2022లో ఒక అధ్యయనం వచ్చింది. 18 జాతుల ఆయుష్షు లెక్కగడితే చివావాకు పుట్టినప్పటి అంచనా 7.9 ఏళ్లే. తక్కువ నుంచి అయిదో స్థానం. దాని కింద ఉన్న నాలుగూ బుల్‌డాగులు, పగ్‌ల వంటి చప్పిడిముక్కు కుక్కలు. చిన్న కుక్కలు ఎక్కువకాలం బతుకుతాయని మనందరి నమ్మకం. మరి ఇదెందుకిలా ఉంది? ఈ టీకప్ వ్యాపారం వల్లేనని ఆ అధ్యయనం అనలేదు, నేనూ అనను. కానీ ఆలోచించాల్సిన అంకె.

వ్యాఖ్యాత: ప్రేక్షకుల నుంచి ఒక ప్రశ్న. ‘మా ఇంట్లో ఇప్పటికే 900 గ్రాముల చివావా ఉంది. ఇదంతా వింటుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?’

వైద్యురాలు: కంగారు పడకండి. దాన్ని చూలు కట్టించాలనే ఆలోచన మాత్రం ఈ క్షణమే మానేయండి. మెడకు పట్టీ వేసి లాగొద్దు, ఛాతీకి వేసే హార్నెస్ వాడండి, ఈ జాతికి శ్వాసనాళం నొక్కుకుపోయే గుణం ఉంది. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. సోఫా పక్కన మెట్టు పెట్టండి. ముందుకాళ్ల ఎముకలు అగ్గిపుల్లకన్నా కాస్త మందం, అంతే. మణికట్టు దగ్గర రక్తప్రసరణ తక్కువ, విరిగితే అతుక్కోవడం ఆలస్యం. గట్టిగా పది అంగుళాల ఎత్తు నుంచి దూకి రెండు కాళ్లూ విరగ్గొట్టుకున్న కుక్కకు ప్లేట్లు వేశాను. పాలపళ్లు ఊడకపోతే తీయించండి. ఎవరైనా పెద్ద కుక్క దగ్గరికొస్తే హీరోయిజం చూపిస్తుంది, మీరే ఎత్తుకోవాలి.

యజమాని: ఎత్తుకుంటే ఇంకా రెచ్చిపోతుందండీ.

వైద్యురాలు: (నవ్వుతూ) అవును, దానికి మందు లేదు.

వ్యాఖ్యాత: మేడమ్, మీ వీడియో ఇంకా ఉందా?

యజమాని: తీసేశాను. దానికొచ్చినన్ని లైకులు నాకు ఇంకే వీడియోకూ రాలేదు. కింద కామెంట్లలో ‘ఎక్కడ కొన్నారు’ అని అడిగారు. నేను నంబరు ఇచ్చాను, నలుగురికో అయిదుగురికో. వాళ్లు కొన్నారేమో, ఆ కూనలు ఏమయ్యాయో తెలీదు. మోసపోయానని ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ, అటువైపు కూడా నేను ఉన్నానని ఈమధ్యే తట్టింది.

బ్రీడర్: మీ కూన బతికిందా అమ్మా? ఇందాకట్నుంచీ అడుగుదామనుకుంటున్నాను.

యజమాని: బతికింది సార్. ఇప్పుడు నాలుగేళ్లు. బరువు 2.3 కిలోలు.

వైద్యురాలు: చూశారా! అది టీకప్పూ కాదు, బక్కదీ కాదు. నిక్షేపంలాంటి మామూలు చివావా. పాలు మాన్పించకుండా ఎత్తుకొచ్చి అమ్మేశారు.

యజమాని: కిలోన్నర దాటినప్పుడు అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. కోపంగానే చేశాను. వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారు. ‘సైజు విషయంలో పొరపాటు జరిగింది మేడమ్, కుక్కను తెచ్చిచ్చేయండి, ఇంకా చిన్నది ఇస్తాం’ అన్నారు.