పునాదికి నీళ్లు పెట్టే ఊరు: టెక్సస్‌లోని ఫ్రిస్కో

హోస్ట్: నమస్కారం. ఇవాళ మన ఊరి కథ టెక్సస్‌లోని ఫ్రిస్కోది. మా బాబాయ్ అక్కడ పదిహేనేళ్లుగా ఉంటున్నారు. బాబాయ్, ఏదో నీళ్ల చప్పుడు వస్తోంది?

బాబాయ్: ఇంటికి నీళ్లు పెడుతున్నానమ్మా.

హోస్ట్: మొక్కలకా?

బాబాయ్: కాదు, ఇంటికే. పునాది చుట్టూ చిల్లుల పైపు పరిచి ఉంచుతాం. ఇక్కడిది నల్ల బంకమట్టి, అచ్చం మన గుంటూరు నల్లరేగడే అనుకో. ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. అందుకే తేమ ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూసుకోవాలి. మీ తాతయ్య పత్తిచేలో నెర్రెల్లో కాలు ఇరికించుకుని ఏడ్చినవాణ్ణి, మళ్లీ అలాంటి మట్టి మీదే లోన్ తీసుకుని ఇల్లు కొన్నాను. మొదటి ఏడాది ఈ సంగతి తెలీదు. హాల్లో గోడ బీటలిచ్చింది, పడగ్గది తలుపు పట్టేసింది.

హోస్ట్: అంటే అక్కడా పత్తి పండేదా?

బాబాయ్: పండకేం. పత్తి, గోధుమ, మొక్కజొన్న. ఈ మట్టి కోసమే కదా జనం వచ్చింది. 1841 నాటికి టెక్సస్ ఇంకా విడి దేశం. ఇక్కడికి కుటుంబాలను తెచ్చి దింపే కాంట్రాక్టు ఒక కంపెనీకి ఇచ్చారు. పీటర్స్ కాలనీ అంటారు దాన్ని. పెళ్లయినవాడికి 640 ఎకరాలు, కానివాడికి 320.

హోస్ట్: పెళ్లి చేసుకుంటే 320 ఎకరాల కట్నం, అదీ సర్కారు ఇచ్చేది!

బాబాయ్: నవ్వుతావు గానీ, అదేమీ ఎవరూ లేని నేల కాదమ్మా. ఈ చుట్టుపక్కల కాడో లాంటి మూలవాసులు ఉండేవాళ్లు. టెక్సస్‌లో వాళ్లకంటూ మిగిల్చిన కాస్త చోటు నుంచి కూడా 1859లో ఉత్తరానికి పంపేశారు.

హోస్ట్: అప్పటికి ఫ్రిస్కో ఉందా?

బాబాయ్: లేదు. ప్రెస్టన్ బాట పక్కన లెబనాన్ అనే పల్లె ఉండేది. పశువుల మందలను ఆ బాటనే ఉత్తరాదికి తోలుకెళ్లేవాళ్లు. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే ప్రెస్టన్ రోడ్డు అదే. 1902లో రైలు మార్గం వచ్చింది. ఆవిరి ఇంజన్లకు దారిలో నీళ్లు పట్టే చోటు కావాలి. లెబనాన్ మెరక మీద ఉంది, పనికిరాదన్నారు. పడమటికి నాలుగు మైళ్ల దూరంలో పల్లపు చోటు చూసుకున్నారు.

హోస్ట్: మరి లెబనాన్ వాళ్ల సంగతి?

బాబాయ్: కొందరు ఇళ్లను ఊడబెరికి, దుంగల మీద దొర్లించుకుంటూ రైలు పట్టాల దగ్గరికి తెచ్చుకున్నారు. చెక్క ఇళ్లు కదా. నా ఇల్లు అలా కదలదు, కదిలితే పగుళ్లే.

హోస్ట్: పేరేమో ఫ్రిస్కో. శాన్ ఫ్రాన్సిస్కోతో చుట్టరికమా?

బాబాయ్: రైలు కంపెనీ ద్వారా! ముందు ఎమర్సన్ అని పెట్టుకున్నారు. అలాంటి పేరుతో టెక్సస్‌లో ఇంకో ఊరు ఉందని తపాలా శాఖ ఒప్పుకోలేదు. ఆ లైను సెయింట్ లూయిస్-శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే వాళ్లది, ముద్దుపేరు ఫ్రిస్కో. 1904లో ఊరికి ఆ పేరే ఖాయం చేశారు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. 1990లో జనాభా ఆరు వేల చిల్లర.

హోస్ట్: ఇప్పుడు?

బాబాయ్: 2020 లెక్కల్లో 2,00,509. దక్షిణాన ఉన్న పెద్ద నగరం డాలస్ నుంచి టోల్ రోడ్డు ఇక్కడిదాకా వచ్చింది, 2000లో పెద్ద మాల్ తెరిచారు. ఊరు ఇలా ఎదగడం వెనక ఒక కిటుకుంది, విను. ఇక్కడ డాలర్ సరుకు అమ్మితే, దాని మీద వేసే అమ్మకం పన్నులో ఊరికి రెండు సెంట్లు వస్తాయి. డాలస్, ప్లేనో లాంటి ఊళ్లు అందులో ఒక సెంటు డార్ట్ అనే రైళ్లు, బస్సుల సంస్థకు ఇచ్చాయి. ఫ్రిస్కో అందులో చేరలేదు. ఆ సెంటును అర్ధం అర్ధం చేసి, కంపెనీలను రప్పించే కార్పొరేషన్‌కు ఒకటి, పార్కులు, స్టేడియాల లాంటివి చూసుకునే కార్పొరేషన్‌కు ఇంకొకటి ఇచ్చింది. డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తన ప్రధాన కార్యాలయాన్ని 2016లో ఇక్కడికి మార్చింది.

హోస్ట్: అంటే రైలు వల్ల పుట్టిన ఊళ్లో...

బాబాయ్: ఎక్కడానికి రైలు లేదు. లాభమే అయింది, కాదనను. స్కూళ్లు, ఉద్యోగాలు చూసే కదా మేమూ వచ్చాం. కాకపోతే కారు నడపనివాళ్లకు కాళ్లు కట్టేసినట్టే. కార్యసిద్ధి హనుమాన్ గుడిలో ఏ మూల నిలబడ్డా తెలుగు వినిపిస్తుంది. కానీ మీ నాయనమ్మ వచ్చినప్పుడు, ఆ గుడికి వెళ్లాలన్నా శనివారం దాకా నా సెలవు కోసం కూర్చోవాల్సిందే. రేపల్లెలో రైలెక్కి ఒంటరిగా సికింద్రాబాద్ వచ్చే మనిషి!

హోస్ట్: నాయనమ్మ ఏమీ అనలేదా?

బాబాయ్: ఒకరోజు పాత ఊరి వైపు వెళ్తే గేటు పడింది. ఆ పట్టాలు ఇంకా ఉన్నాయి, గూడ్సు బళ్లు తిరుగుతాయి. మీ నాయనమ్మ పెట్టెలు లెక్కపెడుతూ కూర్చుంది. నూటికి దగ్గర పడ్డాక నా వైపు తిరిగి, "స్టేషన్ ఎటుందిరా?" అంది.

హోస్ట్: మీరేం చెప్పారు?

బాబాయ్: ఏం చెప్తాను, గేటు లేచింది, బండి పోనిచ్చాను.