అక్షరాల ఆటకు ఏ క్లయింట్ పెట్టుకోవాలి?

అక్క: అందరికీ నమస్కారం. ఈసారి బొమ్మలు లేని, తెర మీది మాటలు చదివి కమాండ్లు టైప్ చేస్తూ ఆడే ఆన్‌లైన్ ఆట గురించి మాట్లాడుకుందాం. ‘మడ్’ అంటారు. 1978లో ఇంగ్లాండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో మొదలైంది, ఇప్పటికీ ఆడుతున్నారు. మా తమ్ముడు కొత్తగా చేరాడు. చెప్పరా, ఏమైంది?

తమ్ముడు: ఆర్డ్‌వుల్ఫ్ అనే మడ్‌లో చేరానక్కా. అడ్రసు, 4000 అనే పోర్ట్ నంబరు చూసుకుని, విండోస్‌లో ఉండే టెల్నెట్ అనే పాత కనెక్షన్ ప్రోగ్రాం ఆన్ చేసి నేరుగా వెళ్ళిపోయా. ఒక గదిలో ఏదో జంతువు మీద పడింది. పారిపోదామని ‘ఫ్లీ’ టైప్ చేస్తుంటే మధ్యలో నాలుగు లైన్లు వచ్చి పడ్డాయి. నా అక్షరాలు వాటిలో కలిసిపోయాయి. ఎంతవరకు కొట్టానో చూసుకునేలోపే చచ్చిపోయా.

అక్క: టెల్నెట్‌లో ఆట పంపే మాటలకీ, నువ్వు రాసే మాటలకీ ఒకటే చోటు కదా. క్లయింట్ అంటే ఈ ఆటలు ఆడటానికే చేసిన ప్రోగ్రాం. అందులో అయితే నువ్వు టైప్ చేసే గడి కింద విడిగా ఉంటుంది. పైన ఎన్ని లైన్లు దొర్లినా నీ మాట చెదరదు. నన్నడిగితే క్లయింట్ పెట్టుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

తమ్ముడు: మరి ఏది? అందరూ మడ్లెట్ అనే క్లయింట్ అంటున్నారు.

అక్క: మంచిదే. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. నాలుగైదు ఆటలు తిరిగి చూస్తానంటే కళ్ళు మూసుకుని అదే పెట్టుకోమంటా. కానీ నీది విండోస్, ఆడేది ఆర్డ్‌వుల్ఫ్ ఒక్కటే. వాళ్ళే మష్‌క్లయింట్ అనే ఇంకో క్లయింట్‌ని తమ ఆటకు తగ్గట్టు సర్ది ప్యాకేజీగా ఇస్తున్నారు. మ్యాప్ సిద్ధంగా ఉంటుంది. నువ్వు దానితో మొదలుపెట్టు.

తమ్ముడు: అన్నీ అక్షరాలే కదా, మ్యాప్ ఎలా వస్తుంది?

అక్క: జీఎంసీపీ అని ఒక పద్ధతి ఉంది. నీకు కనిపించే మాటలతోపాటు నువ్వు ఏ గదిలో ఉన్నావు, ప్రాణం ఎంత మిగిలింది అన్న వివరాలను ఆట విడిగా క్లయింట్‌కి పంపుతుంది. క్లయింట్ వాటితో మ్యాప్ గీస్తుంది. వట్టి టెల్నెట్‌కి అవి అర్థం కావు.

తమ్ముడు: నువ్వు మాత్రం నల్ల స్క్రీన్‌లో ఆడతావుగా!

అక్క: అది టిన్‌టిన్ అనే క్లయింట్. టెర్మినల్‌లో నడుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని కూడా ఆడొచ్చు. నాకు ఇష్టం, కానీ కమాండ్లన్నీ నేర్చుకోవాలి. ఇప్పుడే నీకొద్దు.

ఇంకొకటి చెప్పాలి. నాకీ ఆట నేర్పింది చూపులేని స్నేహితురాలు. మష్‌క్లయింట్‌కి ప్లగిన్ కలిపి, తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వింటూ ఆడుతుంది. పక్కన కూర్చుంటే నాకు ఒక్క ముక్క అర్థం కానంత స్పీడు పెట్టుకుంటుంది. తనకి చిరాకు తెప్పించేది అక్షరాలతో గీసిన మ్యాపు. చుక్క, గీత, చుక్క, గీత అని స్క్రీన్ రీడర్ చదువుతూనే ఉంటుంది. అలాంటి లైన్లు రాగానే దాచేసేలా ఒక ట్రిగర్ రాసుకుంది. ఇప్పుడు గది వర్ణన, ఎవరున్నారు, ఏ దారులున్నాయి, అంతే వినిపిస్తాయి. మడ్లెట్ కొత్త వెర్షన్లలోనూ స్క్రీన్ రీడర్ సదుపాయం ఉంది. మీ ఇంట్లో చూపులేనివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఆట గురించి తప్పకుండా చెప్పండి. చూపున్నవాళ్ళతో సమానంగా ఆడతారు.

తమ్ముడు: ట్రిగర్ అంటే, ఫలానా లైన్ రాగానే ఫలానా పని చెయ్యమనడమేనా?

అక్క: అదే. అలియాస్ అంటే రెండక్షరాలు కొడితే పెద్ద కమాండ్ వెళ్ళడం. అలియాస్‌లు ఎన్నైనా పెట్టుకో. ట్రిగర్లతో జాగ్రత్త. నువ్వు లేనప్పుడు క్లయింటే ఆడేస్తుంటే చాలా ఆటల్లో శిక్ష వేస్తారు. ముందు రూల్స్ చదువు. కొన్నాళ్ళు చేత్తోనే ఆడు, ఏ పని మళ్ళీ మళ్ళీ చేస్తున్నావో నీకే తెలుస్తుంది.

తమ్ముడు: పాస్‌వర్డ్?

అక్క: మంచి ప్రశ్న. మామూలు కనెక్షన్‌లో అది ఏ తాళమూ లేకుండా వెళ్తుంది. ఆట టీఎల్ఎస్ ఇస్తే, అంటే కనెక్షన్‌కి తాళం వేసే పద్ధతి ఉంటే, క్లయింట్‌లో అది ఆన్ చేసుకో. ఎలాగైనా సరే, బ్యాంకుకో మెయిల్‌కో వాడే పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టొద్దు.

తమ్ముడు: ప్యాకేజీ దిగిందక్కా. తెరిచాను... పేరు అడుగుతోంది.

అక్క: పాత పేరే కొట్టు. లోపలికి రాగానే, ఒకరికే కబురు పంపే ‘టెల్’ కమాండ్ కొట్టి నన్ను పిలువు. నువ్వు చచ్చిపోయిన ఆ గదికి ఇద్దరం కలిసి వెళ్దాం.