2000 ఎక్స్ అని రాసుందని కొనబాకండి: రొయ్యల ల్యాబ్‌కి మైక్రోస్కోప్ ఎట్టా చూసుకోవాలి

(ఇందుకూరుపేట దగ్గర చిన్న ల్యాబ్. బల్ల మీద గాజు సీసా, దాన్లో గోధుమరంగు నీళ్లు.)

నమస్తే అన్నా. ఈ సీసాలో ఉండేది కీటోసెరాస్. హ్యాచరీలో జోయా దశలో, అంటే గుడ్డు నుంచి బయటికొచ్చిన తొలి రోజుల్లో, రొయ్య పిల్లకి పెట్టే ఆల్గే, సన్నటి నాచు. పైకి చూస్తే పలచటి డికాషన్ మాదిరి ఎంత చక్కగా ఉందో! దీన్లోదే ఒక్క చుక్క స్లైడు మీద వేద్దాం.

(తెర మీద: 100 రెట్లు. ఆల్గే కణాల మధ్య ఏవో గిరగిరా తిరుగుతున్నాయి.)

ఆ పరిగెత్తేవి సీలియేట్లు, ఒంటి మీద సన్న కేశాలుండే ఒంటికణం జీవులు. పిల్లకి పెంచుకున్న మేత అవి తినేస్తన్నాయి. ఈ సీసా ఇంక ఆల్గే పెంచుకునే విత్తనానికి పనికిరాదు, పారబోయాల్సిందే. దీన్ని పట్టుకోడానికి వాడింది 10 ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడు వైపు లెన్సు), 10 ఎక్స్ ఐపీస్ (కన్ను పెట్టే లెన్సు), రెండూ హెచ్చిస్తే 100 రెట్లు, అంతే. అందుకే మైక్రోస్కోప్ కొనాలంటే ముందు అడగాల్సింది ధర కాదు, "నేను ఏం చూడాల?" అని.

పిల్ల ఒంటి మీద, మొప్పల మీద జూతామ్నియం అనే అంటుకునే ఒంటికణం జీవి పట్టిందా, పేగు నిండుగా ఉందా అనేవి 4, 10 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లతో తేలిపోతాయి. పేగులో గ్రెగరిన్లనే పరాన్నజీవుల కోసం 40 దాకా పోవాల. విబ్రియో అనే బాక్టీరియా ఒకటిన్నర, రెండు మైక్రాన్ల పొడుగు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 40తో చిన్న నలుసులు కదిలినట్టు తెలుస్తుంది, ఆకారం సరిగ్గా కావాలంటే 100 ఎక్స్ ఆయిల్ లెన్సు, అంటే స్లైడు మీద నూనె చుక్క వేసి వాడేది.

నేను చేసిన తప్పు చెప్తా. మొదట్లో ఆన్‌లైన్‌లో "2000 ఎక్స్" అని ఉంటే ఎగబడి తెప్పించుకున్నా. బొమ్మ పెద్దదే, కానీ పొగమంచులో లాంతరు చూసినట్టుంది!

(తెర మీద: ఆబ్జెక్టివ్ దగ్గరగా. దాని మీద 40/0.65 అని అంకెలు.)

అసలు కథ ఈ రెండో అంకెది. దాన్ని న్యూమరికల్ అపర్చర్ అంటారు, లెన్సు ఎంత వెడల్పుగా వెలుతుర్ని పట్టుకుంటుందో చెప్పే లెక్క. 0.65 ఉంటే సుమారు అర మైక్రాన్ ఎడంగా ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూపిస్తుంది. ఆయిల్ లెన్సు 1.25 అయితే పావు మైక్రాన్ పైచిలుకు. ఈ అంకెని వెయ్యితో హెచ్చిస్తే వచ్చేదే పనికొచ్చే పెద్దతనం. అంటే 1.25కి 1250 రెట్లు. 100 ఆబ్జెక్టివ్ మీద 20 ఎక్స్ ఐపీస్ బిగించి 2000 అంటే, ఉన్న మసకనే సాగదీయడం.

ఇంకొకటి, నా దృష్టిలో లెన్సు కన్నా ముఖ్యం: స్లైడు కింద వెలుతుర్ని కూడగట్టే కండెన్సర్, ఆ వెలుతుర్ని తగ్గించి పెంచే దాని ఐరిస్. మన శాంపిల్స్ బతికున్నవి, రంగు లేనివి, గాజు మాదిరి ఉంటాయి. వెలుతురు పూర్తిగా వదిలితే కనపడవు. ఇప్పుడు ఐరిస్ కొంచెం మూస్తా, చూడండి.

(తెర మీద: ఖాళీగా ఉన్న తెల్లటి చోటులో సీలియేటు అంచు, కేశాలు తేలతాయి.)

ఇందాక కూడా అది అక్కడే ఉందన్నా! చవకరకం వాటిలో ఐరిస్ ఉండదు, చిల్లులున్న చక్రం ఉంటుంది. అట్టాంటిది వద్దు. ఫేజ్ కాంట్రాస్ట్ అనే పద్ధతి ఉన్న మైక్రోస్కోప్ అయితే రంగు వెయ్యకుండానే పారదర్శకమైనవి తేటగా కనిపిస్తాయి. దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త జెర్నికెకి 1953లో నోబెల్ వచ్చింది. డబ్బులుంటే తీసుకోండి, గుంటల దగ్గర పెట్టుకునే ల్యాబ్‌కి మాత్రం మంచి ఐరిస్‌తో నెట్టుకురావచ్చు.

షాపులో వాళ్లు పెట్టి చూపించే స్లైడుకి రంగేసి ఉంటుంది. దాంట్లో ఏ మైక్రోస్కోప్ అయినా బ్రహ్మాండమే. మీ గుంట నీళ్లు చిన్న సీసాలో తీసుకుపోండి. 10లో ఫోకస్ పెట్టి 40కి తిప్పండి, సన్న స్క్రూ కొంచెం తిప్పితే బొమ్మ నిలవాల. అట్టే పది నిమిషాలు వదిలేయండి, స్టేజీ (స్లైడు పెట్టే పలక) జారి మసకబారితే వద్దని చెప్పండి. హర్యానాలోని అంబాలాలో తయారయ్యే వాటిలో ఈ పరీక్షలకి నిలిచేవి దొరుకుతాయి, విదేశీ పేరే ఉండాలని లేదు. రెండు కళ్లతో చూసే బైనాక్యులరే కొనండి. సీజన్లో రోజుకి నలభై శాంపిల్స్ ఒంటికన్నుతో చూస్తే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. కరెంటు పోయినా ఆగకుండా, చార్జింగ్ ఉన్న ఎల్‌ఈడీ ఉంటే మేలు.

శాంపిల్ చూసే ముందు ఒక అలవాటు: శుభ్రమైన నీళ్ల చుక్క ఒకటి స్లైడు మీద వేసి చూడండి. దాంట్లోనే ఏదన్నా ఈదుతుంటే తప్పు గుంటది కాదు, మన పిపెట్‌ది.

మైక్రోస్కోప్ తేల్చలేనివీ ఉన్నాయి. 1994లో మన గుంటల్ని ఊడ్చేసిన తెల్లమచ్చ వైరస్ దీంట్లో కనపడదు, అంత చిన్నది. ఈహెచ్‌పీ అనే రొయ్యల పరాన్నజీవి బీజాలు రెండు మైక్రాన్లు కూడా ఉండవు. రంగేసి ఆయిల్ లెన్సుతో వెతికితే అనుమానం వస్తుంది, రూఢి కావాలంటే దాని డీఎన్‌ఏని పట్టే పీసీఆర్ పరీక్షే. విబ్రియో ఏ రకమో కూడా దీంతో తేలదు, విబ్రియోని పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు పెట్టుకోవాల. మైక్రోస్కోప్‌లో ఏమీ లేదని సీడ్‌కి, అంటే గుంటలో వదిలే పిల్లకి, సరే అనబాకండి.

చివరగా ఉప్పుగాలి. కొత్తపట్నం అయినా విడవలూరు అయినా సముద్రం పక్కన లెన్సుకి బూజు పడుతుంది. పని అయ్యాక గుడ్డ కవరు కప్పి వదిలెయ్యబాకండి. మూత బిగుతుగా ఉండే పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టండి, అది రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. స్టేజీ మీద ఉప్పునీళ్లు పడితే ఆరకముందే డిస్టిల్డ్ వాటర్ తడితో తుడవండి. ఆయిల్ ఉన్న స్లైడు మీదికి మాత్రం 40 లెన్సు తిప్పబాకండి. నాదొకటి అట్టాగే పోయింది.